వెనక బెంచీలో కూర్చొని

ఉపాధ్యాయ విద్య గురించి ఎప్పుడు చర్చ వచ్చినా అది బోధన చుట్టూనే తిరుగుతుంది. పాఠం చెప్పడానికి ముందు పాఠాన్ని చూడటం నేర్చుకోవాలన్న సంగతి ఎవరికీ అంతగా పట్టదు. బి.ఎడ్. విద్యార్థులకు గణిత బోధన పద్ధతులు చెప్పే వృత్తిలో ఉన్నవాణ్ణి కనుక, ఈ 'చూడటం' గురించి నాకు తోచిన నాలుగు మాటలు ఇక్కడ రాసుకుంటున్నాను.

2014 నాటి నిబంధనలతో బి.ఎడ్. రెండేళ్ల కోర్సు అయింది. బడుల్లో గడపవలసిన కాలం 20 వారాలకు పెరిగింది. అందులో కొన్నాళ్లు ఛాత్రోపాధ్యాయులు వెనక బెంచీలో కూర్చొని, చూసినదాన్ని పరిశీలనా రికార్డులో రాయాలి. ప్రేరణ, ప్రశ్నించే తీరు, నల్లబల్ల వాడకం, తరగతి నిర్వహణ అంటూ గడులు. వాటికెదురుగా 'బాగుంది', 'చాలా బాగుంది'. అలాంటి రికార్డులు పది చదివినా ఒక్క పిల్లవాడి ముఖమైనా కళ్లకు కట్టదు.

ఇది సోమరితనం కాదు. తన రికార్డు మీద సంతకం పెట్టవలసిన మాస్టారి పాఠంలో లోపం ఉందని ఏ ఛాత్రోపాధ్యాయుడు రాయగలడు? ఒక బడిలో పెద్దాయన ఒకరు మా విద్యార్థులను చూసి, "ఏమ్మా, మా తప్పులు ఏరడానికొచ్చారా?" అన్నారు. నవ్వుతూనే అన్నారు గానీ, అందులో ఎంతో కొంత నొప్పి ఉంది.

మేం పాఠ్యాంశంగా చెప్పే ఫ్లాండర్స్ పద్ధతిలోనూ చూపు ఉపాధ్యాయుడి మీదే. తరగతిలో జరిగే మాటలను ఆయన 10 రకాలుగా విభజించాడు. ప్రతి 3 సెకన్లకు ఒక అంకె వేసుకుంటూ పోవాలి. 45 నిమిషాల పీరియడుకు 900 అంకెలు. ఆ పదింటిలో 7 ఉపాధ్యాయుడి మాటలకు, 2 పిల్లల మాటలకు. మౌనానికీ గందరగోళానికీ కలిపి మిగిలింది ఒక్కటే. ఎవరి మాట ఎంత సాగిందో తేల్చడానికి ఇది చక్కని సాధనం. కానీ నోరు విప్పని పిల్లకు ఇందులో చోటు లేదు.

అందుకని ఒక ఏడాది మా విద్యార్థులకు వేరే పని చెప్పాను. మాస్టారిని వదిలేయండి, ఒక్క బిడ్డను ఎంచుకుని పీరియడంతా ఆ బిడ్డ ఏం చేసిందో అదే రాయండి అన్నాను. 'శ్రద్ధ లేదు' అని తీర్పు రాయకూడదు. చేతులు ఏం చేశాయో, కళ్లు ఎటు పోయాయో రాయాలి. జపాన్ ఉపాధ్యాయులు కలిసి చేసుకునే పాఠ పరిశీలనలో కూడా చూపు ప్రధానంగా పిల్లల ఆలోచన మీదే ఉంటుంది.

ఒకమ్మాయి ఆరో తరగతిలో భిన్నాల సంకలనం చూసి వచ్చింది. మాస్టారు "అర్థమైందా?" అంటే తరగతి మొత్తం "అయిందండీ" అంది. ఈమె ఎంచుకున్న పాప కూడా అంది. ఆ పాప నోటుపుస్తకంలో మాత్రం 1/2కు 1/3 కలిపితే 2/5 అని ఉంది. కాసేపటికి నల్లబల్ల వైపు చూసి, దాన్ని చెరిపి, 5/6 అని దించుకుంది. రికార్డులో ఉన్నది ఇంతే.

శనివారం మధ్యాహ్నాలు మేం గుండ్రంగా కూర్చొని ఒక పుస్తకం బిగ్గరగా చదువుకునేవాళ్లం. ఆ వారం గిజుభాయి 'పగటికల'. నాలుగో తరగతిని ప్రయోగానికి తీసుకున్న ఉపాధ్యాయుడు మొదటి రోజే మౌనం ఆట ఆడించబోతే, పిల్లలు గోల చేసి అతని పథకమంతా తలకిందులు చేసే ఘట్టం వచ్చింది. అందరూ నవ్వారు. నవ్వు ఆగాక ఒకబ్బాయి, "సార్, ఈయన దెబ్బతిన్న రోజును కూడా దాచుకోలేదు. మన రికార్డుల్లో దెబ్బతిన్న పాఠం ఒక్కటీ లేదేం?" అని అడిగాడు.

ఆ ప్రశ్నకు ఎవరూ బదులు చెప్పలేదు. అప్పుడు భిన్నాల పాఠం చూసినమ్మాయి తన పుస్తకం తీసింది. "ఆ పాప 2/5 చెరిపింది తప్పని తెలిసి కాదు సార్. ఎవరైనా చూస్తారని" అంది. పక్కనున్నామె నెమ్మదిగా, "నేనూ అలాగే చెరిపేదాన్ని" అంది.

తరువాతి గంటంతా ఆ 2/5 గురించే మాట్లాడుకున్నాం. పైవి పైవాటితో, కిందివి కిందివాటితో కలపడంలో ఆ పాపకు ఒక తర్కం ఉంది. మరి ఆమెను ఏమని అడగాలి? చివరికి ఒకరు అన్నారు: "అర రొట్టెకు ఇంకో ముక్క కలిపితే అర కన్నా తగ్గుతుందా అని అడుగుదాం." 2/5 సగం కన్నా తక్కువ కదా! మేం అప్పటిదాకా రాసుకున్న ఏ పాఠ్య ప్రణాళికలోనూ ఆ ప్రశ్న లేదు. ఒకరి చూపు, మరొకరి జ్ఞాపకం, అందరూ కలిసి చదివిన ఒక పేజీ కలిస్తేనే అది పుట్టింది.

ఆ రాతను బడికి తీసుకెళ్లి మాస్టారికి చూపించాం. ఆయన రెండుసార్లు చదివారు. "ఈ పిల్ల రోజూ అయిందండీ అనేదే" అన్నారు. మమ్మల్ని ఏమీ అనలేదు. ఆ రాతలో ఆయన గురించి ఒక్క మాటా లేదు మరి.

పరీక్షలో ఈ పనికి మార్కులు లేవు. పాత గడులు ఇప్పటికీ నింపాల్సిందే. అయినా మా విద్యార్థులకు ఒక మాట చెబుతుంటాను. రేపు ఉద్యోగం వచ్చి నలభైమంది ముందు నిలబడ్డాక, ఒక్క బిడ్డను 45 నిమిషాలు చూసే తీరిక మీకు దొరకదు. ఆ తీరిక ఈ కొద్ది వారాల్లోనే ఉంది. దాన్ని 'చాలా బాగుంది' అని రాయడానికి ఖర్చు పెట్టకండి.