'లేదు' అన్నమాటకి గడి లేదు

జూన్ 14, 2025. విజయనగరం

రిటైరై మూడేళ్లయినా బ్యాంకు పని మీద నా దగ్గరికి వచ్చేవాళ్లు తగ్గలేదు. ఇవాళ చీపురుపల్లి వైపు నుంచి ఒకాయన. ఎకరంన్నర కౌలు. "పొలం ఎవులిదని అడుగుతారు గానీ బాబూ, పంట ఎవులిదని ఒక్కలూ అడగరు" అన్నాడు. మజ్జిగ తాగి వెళ్లిపోయాడు.

జూన్ 17

2019 చట్టం ప్రకారం కౌలుదారుకి సాగు హక్కు పత్రం రావాలంటే పదకొండు నెలల ఒప్పందం మీద భూమి ఆసామి సంతకం కావాలి. చీపురుపల్లి ఆయన చేసే పొలం ఆసామి ఉండేది విశాఖలో. సంతకం పెడితే పొలం చెయ్యి జారిపోతుందని ఆయన భయం. అంతకుముందున్న 2011 చట్టం కింద రుణ అర్హత కార్డుకి ఈ సంతకం అక్కర్లేకుండేది.

పోనీ, పత్రం వచ్చిందనుకుందాం. అదే సర్వే నంబరు మీద ఆసామి అప్పటికే పంట రుణం తీసుకుని ఉంటాడు. ఒక పొలానికి రెండు పంట రుణాలివ్వరు.

జూలై 3

ఆసామికి ఏడు శాతం వడ్డీ, గడువులోగా కడితే నాలుగు. కౌలు రైతుకి బయట నూటికి నెలకి రెండు రూపాయలు, అంటే ఏడాదికి ఇరవై నాలుగు. నాట్లు ఒకరివి, నాలుగు శాతం మరొకరిది.

జూలై 20. శ్రీకాకుళం

బస్టాండు దగ్గర బంగారం అప్పుల బోర్డులు లెక్కపెడుతూ నడిచాను. తొమ్మిది దాటాక మానేశాను. కౌలు రైతుకి పట్టా లేకపోయినా భార్య మెడలో పుస్తెలతాడు ఉంటుంది. ఆషాఢంలో లోపలికి వెళ్లింది సంక్రాంతికైనా బయటికి వస్తే అదృష్టం.

ఆగస్టు 8

పాత ఫైళ్లు సర్దుతుంటే జిల్లా బ్యాంకర్ల సమావేశం కాగితాలు బయటపడ్డాయి. లక్ష్యం, సాధన, శాతం. బ్యాంకులిచ్చే అప్పుల్లో ప్రాధాన్య రంగానికి నలభై శాతం, అందులో వ్యవసాయానికి పద్దెనిమిది. సన్న, చిన్నకారు రైతుల గడిలోకే కౌలుదారులూ వస్తారు, నోటిమాట మీద చేసేవాళ్లూ వస్తారు. గడి నిండితే చాలు, ఎవరితో నిండిందో ఆ కాగితం చెప్పదు.

పైగా 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాయి. రాజాం శ్రీకాకుళం నుంచి మా జిల్లాకి వచ్చింది, పాలకొండ పార్వతీపురం మన్యానికి వెళ్లింది. పాత అంకెల పక్కన కొత్త అంకెలు పెట్టి చూడ్డానికీ లేకుండా పోయింది.

ఆగస్టు 24

అమెరికా నుంచి మేనల్లుడి ఫోను. ఇళ్ల అప్పుల లెక్కలు ప్రభుత్వానికి పంపే సాఫ్ట్‌వేరు వాడి పని. ఆ లెక్కలు పంపమనే చట్టం 1975 నాటిది. 1989 సవరణ తర్వాత ఇచ్చిన అప్పులతో పాటు కాదన్న దరఖాస్తులూ రాయాలిట. అడిగినవారి జాతి, ఆడా మగా, ఆదాయం, ఇప్పుడైతే కాదన్న కారణం కూడా. "అలా రాయకపోతే నల్లవాళ్లకి ఎక్కడ ఎక్కువగా 'నో' అంటున్నారో ఎలా తెలుస్తుంది మావయ్యా?" అన్నాడు.

మనకీ ఎస్సీ, ఎస్టీ, మహిళ అని గడులున్నాయి. అప్పు పుట్టినవాళ్లే ఆ గడుల్లోకి ఎక్కుతారు. వెనక్కి వెళ్లిపోయినవాళ్లకి గడే లేదు. చీపురుపల్లి ఆయన ఏ జిల్లా లెక్కలోనూ లేడు.

సెప్టెంబరు 2

రాత్రి నిద్ర పట్టక రిజర్వు బ్యాంకు పాత సర్క్యులర్లు తిరగేశాను. 2003లో వచ్చిన నియమావళి: రెండు లక్షల లోపు అప్పు అడిగినవారికి కాదంటే కారణం రాసివ్వాలి. 2007లో దాన్ని అన్ని అప్పులకీ వర్తింపజేశారు. కాబట్టి నోటిమాటతో సరిపెట్టుకోకండి. దరఖాస్తు ఇచ్చి రసీదు తీసుకోండి, కుదరదంటే కారణం కాగితం మీద అడగండి.

ముప్పై ఒక్క ఏళ్ల సర్వీసులో నేను అలాంటి కాగితం ఒక్కరికీ రాసివ్వలేదు. నన్నెవరూ అడగలేదు.