కొలత చూసి చేసే సాయం

దోహాలో శుక్రవారం సెలవు. ఆ రోజు పొద్దున్నుంచే ఫోన్లు మొదలవుతాయి. టెక్కలి వెల్డరు, గరివిడి ఫిట్టరు, ఇచ్ఛాపురం డ్రైవరు, ఎవరు చేసినా తొలిమాట ఒకటే: "సార్, చిన్న హెల్ప్." తర్వాత చెప్పేది మాత్రం ఏ ఇద్దరిదీ ఒకలా ఉండదు. ఒకరికి జీతం పడేదాకా చేబదులు కావాలి. ఒకరికి కంపెనీ సంతకం పెట్టమన్న కాగితంలో ఏముందో చదివి చెప్పే మనిషి కావాలి. ఇంకొకరికి ఊళ్లో తల్లిని ఆసుపత్రికి తీసుకెళ్లే దిక్కు కావాలి. ముగ్గురికీ తలా వంద రియాళ్లు ఇస్తే మొదటివాడి అవసరం తీరుతుంది. మిగతా ఇద్దరిదీ అలాగే ఉంటుంది.

దూరదేశంలో ఉన్న మాకు సాయం అనగానే డబ్బు పంపడమే తోస్తుంది. కానీ శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో పుట్టినవాళ్లం సాయానికి ఎన్ని రూపాలున్నాయో చూస్తూ పెరిగాం. చేబదులు, చేసాయం, మాటసాయం, తోడు, ఆసరా, పూచీ... నిఘంటువు వీటిని పక్కపక్కన పెడుతుంది గానీ ఊళ్లో ఇవి వేర్వేరు పనులు, దేని మర్యాద దానిది. చేబదులుకు కాగితం ఉండదు, వడ్డీ ఉండదు. మాట మీద ఇస్తారు, మాట మీద తీరుస్తారు. ఉడుపుల రోజుల్లో ఇవాళ మీ మడిలో మా ఇంటివాళ్లు దిగితే రేపు మా మడిలో మీ ఇంటివాళ్లు దిగుతారు. పెళ్లిలో చదివింపులు పుస్తకంలో రాస్తారు. చదివించినవారి ఇంట శుభకార్యం వచ్చినప్పుడు పుస్తకం తీసి చూసుకుని, అంతకు తక్కువ కాకుండా చదివిస్తారు. పుచ్చుకున్నవాడు తల దించుకోనక్కర్లేదు. వాడి వంతు కూడా వస్తుంది.

ఈ రెండు సంగతులూ, అంటే అవసరానికి సరిపడేలా ఇవ్వడం, తీసుకున్నవాడి తల నిలబెట్టడం, సాయానికి ప్రాణం అని నా నమ్మకం.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను శ్రీకాకుళం జిల్లా పలాస దగ్గర తీరం దాటింది. గంటకు 140 నుంచి 150 కిలోమీటర్ల వేగంతో వీచిన గాలికి అక్కడి ఉద్దానం ప్రాంతంలో కొబ్బరి, జీడి తోటలు నేలకొరిగాయి. కరెంటు స్తంభాలు కూలాయి. కరెంటు లేకపోతే మోటారు నడవదు, ట్యాంకుకు నీరెక్కదు. ఆ వారం ఊరికి కావలసింది జనరేటరు, డీజిలు, దారికి అడ్డంగా పడ్డ చెట్లు కోసే రంపం. ఇతర జిల్లాల నుంచి వచ్చి రాత్రింబవళ్లు స్తంభాలు నిలబెట్టిన విద్యుత్ సిబ్బంది చేసిన మేలుకు ఏ దుప్పట్ల మూటా తూగదు.

నెల తిరిగాక అవసరం మారిపోయింది. నాటు కొబ్బరి మొక్క పెడితే కాపుకు రావడానికి ఆరేడేళ్లు పడుతుంది. జీడిమామిడికి మూడు నాలుగేళ్లు. బియ్యం బస్తా ఒక నెలకు సరిపోతుంది, తోట పోయిన ఇంటికి లోటు ఏళ్ల తరబడి ఉంటుంది. అక్కడ పనికొచ్చేది మోళ్లు తీయించడం, మంచి మొక్క, తోట మళ్లీ కాపుకొచ్చేదాకా పిల్లల కాలేజీ ఫీజు. విరాళాలు మొదటి నెలలో పోటెత్తుతాయి. రెండో ఏడు ఎవరైనా అడిగారా అన్నదే అసలు లెక్క.

ఉద్దానం పేరు చెప్పగానే కిడ్నీ జబ్బు గుర్తొస్తుంది. ఆ జబ్బుకు కారణం ఇదీ అని ఇప్పటికీ గట్టిగా తేలలేదు. 2023 డిసెంబరు 14న పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం మొదలయ్యాయి. హిరమండలం జలాశయం నుంచి ఉద్దానం ఊళ్లకు మంచినీరు తెచ్చే పథకమూ అదే రోజు ప్రారంభమైంది. డయాలసిస్ రోగికి ప్రభుత్వం నెలకు 10 వేల రూపాయల పింఛను ఇస్తోంది. ఇవన్నీ పెద్ద ఆసరా. అయినా ఆ ఇళ్లలో మిగిలే కష్టం ఒకటుంది.

డయాలసిస్ రోజున చీకటితోనే ఆటో ఎక్కాలి. నాలుగు గంటలు యంత్రం మీద పడుకోవాలి. దిగాక బీపీ పడిపోయి కళ్లు తిరుగుతాయి. సూదులు గుచ్చే చేతితో సంచి కూడా మోయకూడదు. ఒంటరిగా వెళ్లి రాగలిగే పని కాదు. వారానికి రెండు మూడు సార్లు తోడు వెళ్లే ఇల్లాలికి జీడిపప్పు ఫ్యాక్టరీలో అన్ని రోజుల కూలీ పోతుంది. ఒకసారి మా పిన్ని ఫోన్లో అన్న మాట: "డబ్బులు పంపుదువు గాని బాబూ, మంగళవారం మీ బాబాయికి తోడు ఎవులెల్తారో అది సూడు." అప్పటి నుంచి మా మిత్రులం కొందరం ఊళ్లో ఒక ఆటో అతనితో నెలవారీగా మాట్లాడుకున్నాం. అతను దింపి వెళ్లిపోడు. అక్కడే ఉండి, చెయ్యి పట్టుకుని ఇంటికి చేరుస్తాడు. పంపేది అదే డబ్బు, అందేది తోడు.

విజయనగరం జిల్లా కొత్తవలస మండలం మంగళపాలెంలో గురుదేవా చారిటబుల్ ట్రస్టు ఉంది. ప్రమాదాల్లో, జబ్బుల్లో కాళ్లూ చేతులూ పోగొట్టుకున్నవారికి అక్కడ కృత్రిమ అవయవాలు ఉచితంగా చేసి ఇస్తారు. కాలు ఇవ్వడమంటే బజారులో చెప్పులు కొనివ్వడం కాదు. మిగిలిన కాలికి అచ్చు తీయాలి, ఆ అచ్చుకు సరిపడా తొడుగు చేయాలి, తొడిగి నడిపించాలి, ఒరుసుకున్న చోట మళ్లీ సరిచేయాలి. కొలత తప్పితే పుండు పడుతుంది, ఇంటికెళ్లాక ఆ కాలు మూలన పడుతుంది. కుదిరితే మనిషి మళ్లీ పనిలోకి వెళ్తాడు, ఇంకొకరికి తానే ఆసరా అవుతాడు. ఏ సాయమైనా ఇలాగే కొలత తీసి చేయాలి.

మాలాంటి ప్రవాసులు మాత్రమే చేయగల సాయం కూడా ఒకటుంది. మన జిల్లాల కుర్రాళ్లు గల్ఫ్‌కు బయల్దేరే ముందు చేసే మాటసాయం. ఏజెంటు నమోదైనవాడో కాదో కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో చూసుకోవచ్చు. నమోదైన ఏజెంటు సేవా రుసుముగా 30 వేల రూపాయలు, దానిపై జీఎస్టీ మించి తీసుకోకూడదు. విజిట్ వీసా మీద పని చేయడం చట్టవిరుద్ధం. ఈసీఆర్ (వలస అనుమతి అవసరమైన) పాస్‌పోర్టుతో పనికి వెళ్లేవారికి ప్రవాసీ భారతీయ బీమా తప్పనిసరి, ప్రమాదంలో ప్రాణం పోతే కుటుంబానికి 10 లక్షలు వస్తాయి. ఈ నాలుగు ముక్కలు ముందే చెవిన వేస్తే, ఇక్కడికొచ్చి జీతం అందక, పాస్‌పోర్టు చేతిలో లేక ఏడ్చేవాళ్లు తగ్గుతారు. దానికి పైసా ఖర్చు లేదు, అరగంట ఓపిక చాలు.

విదేశాల్లో ఉన్న మన ప్రాంతం వారందరికీ నా మనవి. ఊరికి ఫోన్ చేసినప్పుడు ఎంత పంపమంటారని వెంటనే అడగకండి. ఏం కావాలి, ఎన్నాళ్లు కావాలి, ఊళ్లో ఎవరి చేత చేయించాలి అని అడగండి. డబ్బు అక్కర్లేదని నేననను. డబ్బు వెనక ఒక మనిషి లేకపోతే అది సగం దారిలోనే ఆగిపోతుంది. మీరు నెలనెలా పంపే మొత్తం చిన్నదైనా సరే, ఒక ఇంటిని ఎంచుకుని, వాళ్లు మళ్లీ ఇంకొకరికి ఇవ్వగలిగే స్థితికి వచ్చేదాకా వదలకండి.