కట్టుబడి

బిల్డ్ సిస్టం అనేదాన్ని తెలుగులో ఏమనాలా అని చాలాకాలం తర్జనభర్జన పడ్డాను. 'కూర్పరి' అందామంటే, కూర్పును మనం ఇదివరకే వెర్షనుకు ధారపోశాం. చివరికి మా ఊరి తాపీమేస్త్రి మాటే తీసుకున్నాను: కట్టుబడి. గోడ లేపడమూ కట్టుబడే, ఇచ్చిన మాటకు నిలవడమూ కట్టుబడే. ఈ రెండో అర్థం ఎంత బరువైనదో తెలియకుండానే 2008లో నేనూ ఒక మిత్రుడూ కలిసి ఒక చిన్న స్వేచ్ఛా సాఫ్టువేరుకు శ్రీకారం చుట్టాం.

పాత అచ్చు ఫాంటుల్లో ఇరుక్కుపోయిన తెలుగును యూనికోడులోకి మార్చే పనిముట్టు అది. విండోస్, లినక్స్, మాక్ మూడింటిపైనా నడవాలని మా ఆశ. రాసిన మూలం ఒకటే అయినా ఒక్కో యంత్రం మీద దానిని కట్టే తీరు వేరు. ఏ దస్త్రాన్ని ముందు కంపైలు చేయాలి, ఏ లైబ్రరీ ఎక్కడ దొరుకుతుంది, దొరక్కపోతే ఏం చేయాలి అన్న లెక్కలన్నీ చూసుకునేది కట్టుబడి వ్యవస్థ. అప్పట్లో అందరూ వాడుతున్నారని మేమూ ఆటోకాన్ఫ్, ఆటోమేక్, లిబ్‌టూల్ అనే త్రయాన్నే తెచ్చుకున్నాం. అంతకన్నా ఆలోచించిన పాపాన పోలేదు.

ఆ త్రయాన్ని తక్కువ చేయడం కృతఘ్నత అవుతుంది. 1990లలో ఒక్కో యూనిక్సుదీ ఒక్కో దారి. ఆ గందరగోళంలో 'కాన్ఫిగర్, మేక్' అని రెండు మాటలు కొడితే చాలు ప్రోగ్రాం తయారయ్యే సౌఖ్యాన్ని ఇచ్చింది అదే. కాకపోతే అడుగున ఉన్నది షెల్లు, ఎం4, మేకు. 1976లో బెల్ ల్యాబ్స్‌లో స్టువార్ట్ ఫెల్డ్‌మన్ మేకును రాసినప్పుడు ఆజ్ఞల ముందు ట్యాబే ఉండాలని నియమం పెట్టాడు. అది తప్పని తెలిసేసరికి ఓ డజను మంది వాడేస్తున్నారట. వారిని ఇబ్బంది పెట్టడం ఇష్టంలేక అలాగే వదిలేశాడట. ఆ డజను మంది సౌకర్యం కోసం కోట్ల మందిమి నేటికీ ట్యాబులు లెక్కపెడుతున్నాం!

మా పనిముట్టు విడుదలైన ఏడాదికి గుంటూరు నుంచి ఒక మాస్టారు ఉత్తరం రాశారు. లెక్కల ఉపాధ్యాయులుగా విశ్రాంతి పొంది, సరదాకి సీ భాష నేర్చుకున్నవారు. తమ తండ్రిగారి పద్యాలను మా పనిముట్టుతో మార్చుకున్నారట. కంటికి అంతా బాగానే ఉంది గానీ 'స్త్రీ' అని వెతికితే ఒక్కటీ దొరకడం లేదన్నారు. చూద్దును కదా, మా ప్రోగ్రాం 'స్త్రీ'ని 'స్ర్తీ'గా, 'రాష్ట్రం'ను 'రాష్ర్టం'గా మారుస్తోంది. ఆ పాత ఫాంటులో క్రావడిని హల్లుకు ముందే కొడతారు. దానిని వెనక్కి జరిపేటప్పుడు తక్కిన వత్తులన్నీ దాటించి చివర పెట్టాలి. మేము మొదటి హల్లు పక్కనే దించేస్తున్నాం. మాస్టారు సవరణను కాగితం మీద రాసి, స్కాన్ చేసి మరీ పంపారు. తర్కం దోషరహితం.

"మీరే మూలంలో పెట్టి పంపండి మాస్టారూ, మీ పేరుతోనే చేరుస్తాను" అన్నాను. ఆయనది విండోస్ ఎక్స్‌పీ. అందులో ముందు సిగ్విన్ పెట్టుకోవాలి. పెట్టుకున్నారు. మూలాన్ని 'డాక్యుమెంట్స్ అండ్ సెట్టింగ్స్' కింద దించుకున్నారు. ఆ పేరులో ఉన్న ఖాళీలు మా త్రయానికి గిట్టవు. నేను రెండు పేజీల సూచనలు రాసి పంపాను. మూడు వారాల తరువాత జవాబు: "బాబూ, గుమ్మం దాటలేకపోయాను. లోపలి పనైతే నాకు చేతనయ్యేదే."

సవరణను నేనే చేర్చి ఉండవచ్చు. చేస్తాననే అన్నాను. ఉద్యోగం మారింది, ఊరు మారింది, మిత్రుడు దూరమయ్యాడు. పనిముట్టు అలాగే పడి ఉంది, 'స్ర్తీ'తో సహా.

మొన్నటి సంక్రాంతి సెలవుల్లో దానిని మళ్ళీ తెరిచాను. కట్టుబడి మార్చకుండా ముందుకు పోవడం కల్ల. పెద్దలు ఎలా తంటాలు పడ్డారో చదివాను. కేడీఈ వారు 2005లో మలగా సమావేశంలో స్కాన్స్ వైపు మొగ్గి, కొన్ని నెలలు దానితో కుస్తీ పట్టి, 2006లో సీమేక్‌కు మారారు. సొంత బిడ్డ క్యూబీఎస్‌ను వదులుకుంటున్నామని క్యూట్ సంస్థ 2018లో ప్రకటించింది. 2020 డిసెంబరులో వచ్చిన క్యూట్ 6ను సీమేక్‌తోనే కట్టింది.

నా మనసు మాత్రం మీసాన్ మీద ఉంది. దాని దస్త్రం చదువుతుంటే వచనం చదువుతున్నట్టే ఉంటుంది. అందులో సొంత ఫంక్షన్లు రాసుకోనివ్వరు. తెలివితేటలు చూపించుకోవడానికి చోటే లేదు. సీమేక్ భాషంటారా, అందులో జాబితా అన్నా సెమీకోలన్లు గుచ్చిన పదబంధమన్నా ఒకటే. తెల్లవార్లూ ఒక కొటేషను గుర్తు కోసం వెతికినవాడిని, ప్రేమగా చెప్పమంటే చెప్పలేను.

చదవగలగడం విలాసం కాదని 2024లో ఎక్స్‌జెడ్ ఉదంతం తేల్చింది. ఆ సంపీడన లైబ్రరీ 5.6.0, 5.6.1 విడుదలల్లో దొంగదారి పెట్టినవాడు దాని తాళంచెవిని ఒక ఎం4 దస్త్రంలో దాచాడు. గిట్ మూలంలో అది లేనే లేదు, విడుదల మూటలో మాత్రమే ఉంది. ఎస్ఎస్‌హెచ్ లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందని ఆండ్రెస్ ఫ్రాయిండ్ ఆరా తీయబట్టి బయటపడింది. వేల పంక్తుల కాన్ఫిగర్ స్క్రిప్టును ఎవరు చదువుతారు? నాది నేనే ఏనాడూ చదవలేదు. అయితే అదే మనిషి సీమేక్ దస్త్రంలోనూ ఒక చుక్క పెట్టాడు. ఒకే ఒక్క చుక్క! ల్యాండ్‌లాక్ అనే రక్షణ ఉందా అని చూసే పరీక్ష దానితో ఎప్పుడూ విఫలమవుతూ వచ్చింది. కనుక వ్యవస్థ మార్చినంత మాత్రాన నిశ్చింత లేదు.

అయినా సీమేక్‌నే ఎంచుకున్నాను. మా కిటికీలు క్యూట్‌వి కావడం ఒక కారణం. అసలు కారణం మాస్టారు. 2017 నుంచి విజువల్ స్టూడియోలో మూలం సంచీని తెరిస్తే సీమేక్ దస్త్రాన్ని అదే పోల్చుకుంటుంది. సిగ్విన్ అక్కరలేదు, రెండు పేజీల సూచనలు అక్కరలేదు. మీసాన్‌తోనూ విండోస్‌పై కట్టవచ్చు, కాదనను; కానీ పైథానూ నింజా అంటూ మరో రెండు మాటలు చెప్పాలి. ఆ రెండు మాటల దగ్గర ఇంకొకరు ఆగిపోవడం నాకు ఇష్టం లేకపోయింది.

నాలుగు వందల పంక్తుల పాత సరంజామా పోయి అరవై పంక్తులు మిగిలాయి. 'స్త్రీ', 'రాష్ట్రం' మొదటి రెండు పరీక్షలు. మాస్టారి కాగితాన్నే చూసుకుంటూ సవరణ రాశాను. సంకోచిస్తూనే ఆయన పాత చిరునామాకు ఉత్తరం పెట్టాను. క్షమాపణ వేడుకున్నాను, కట్టి చూడమని అడిగాను.

పది రోజులకు జవాబొచ్చింది. "బాబూ, కట్టాను. పావుగంట పట్టింది. స్త్రీలందరూ దొరికారు. కానీ నాన్నగారి ఏడో పద్యంలో 'కార్త్స్న్యం' అని ఉంది, అది ఇంకా విరిగే వస్తోంది. వలపలగిలక దగ్గర మీరు చేసింది తప్పు. సవరించి జతపరిచాను, ఈసారి కాగితం మీద కాదు."