కొళత్తూరు వెళ్దాం... కొలను కట్టుకుందాం!

చెన్నై సెంట్రల్లో రైలు దిగిన తెలుగువాళ్లలో చాలామంది టీనగర్‌కి దారి పడతారు. కొందరు ఆస్పత్రులకు వెళతారు. మరికొందరు మాత్రం ఆటో మాట్లాడుకుని ‘కొళత్తూరు’ అంటారు. వాళ్ల జేబులో చీరల లిస్టు ఉండదు. ‘రెండడుగుల తొట్టెకి లైటు, ఫిల్టరు, నల్లమట్టి రెండు సంచులు, పొడుగు కత్తెర, పట్టకారు...’ అని రాసుకున్న కాగితం ఉంటుంది. గాజు తొట్టెలో చేపల కోసం కాదు, మొక్కల కోసం నీళ్లు పోసే కొత్తరకం తోటమాలులు వీళ్లు. ఈ సరదా పేరు ‘ప్లాంటెడ్‌ అక్వేరియం’.

ఉత్తర చెన్నైలో పెరంబూరు, విల్లివాక్కం దాటగానే వచ్చే పేట కొళత్తూరు. ఒకవైపు రెట్టేరి... అంటే జంట చెరువు. మరోవైపు 1955 నుంచి రైలుపెట్టెలు తయారుచేస్తున్న ఐసీఎఫ్‌. 2021లో తమిళనాడు ముఖ్యమంత్రి అయినప్పుడు స్టాలిన్‌ ప్రాతినిధ్యం వహించిన నియోజకవర్గంగా పత్రికలకి తెలుసు. దేశంలోని అక్వేరియం దుకాణాలవాళ్లకి మాత్రం ఇది రంగుచేపల రాజధాని. ఇక్కడా, చుట్టుపక్కల తిరువళ్లూరు జిల్లా పల్లెల్లోనూ ఎన్నో కుటుంబాలకి చేపపిల్లల్ని పుట్టించి పెంచడమే బతుకుతెరువు. ఇంటి వెనక సిమెంటు తొట్లు, మేడమీద టార్పాలిన్‌ తొట్లు, వాకిట్లో గాజు పెట్టెలు. పక్కింట్లో బియ్యం చెరిగినంత మామూలుగా ఈ ఇంట్లో గప్పీలను సైజులవారీగా వేరుచేస్తుంటారు!

ఆదివారం పొద్దున ఆ వీధుల్లో నడవడమే ఓ పని. ఆక్సిజన్‌ నింపి రబ్బరుబ్యాండు బిగించిన పాలిథిన్‌ కవర్లు గుత్తులు గుత్తులుగా వేలాడుతుంటాయి. ఒక్కో దాంట్లో గోల్డ్‌ఫిష్‌లు, ఏంజెల్‌లు, మోలీలు. ఒంటరిగా చిన్న సీసాలో రెక్కలు విప్పి చూసే ఫైటర్లు. పిల్లలు అక్కడే ఆగిపోతారు. పెద్దవాళ్లూ ఆగిపోతారు. అసలు చిక్కల్లా అక్కడే. మొక్కల తొట్టె కట్టాలనుకుని వచ్చినవాళ్లు ఆ మొదటి ప్రయాణంలో కొనకూడని వస్తువు ఏదైనా ఉందంటే అది చేపే!

ఎందుకో తెలియాలంటే ఈ ముచ్చట ఎక్కడ మొదలైందో కాస్త చెప్పుకోవాలి. జపాన్‌లోని నీగాటాలో 1954లో పుట్టిన తకాషి అమానో మొదట సైకిల్‌ పందాల వీరుడు. తర్వాత కెమెరా పట్టుకుని వర్షారణ్యాలు తిరిగాడు. అడవిలో చూసిన కొండలూ పచ్చికా వాగులూ గాజు తొట్టెలో ఎందుకు రావనుకుని, 1982లో ‘ఏడీఏ’ అనే సంస్థ పెట్టాడు. రాళ్లూ మొద్దులూ మొక్కలూ కథానాయకులు... చేపలు ఆ ఆకాశంలో ఎగిరే పిట్టల్లాంటివి అన్నట్టుగా ఉంటాయి ఆయన తొట్లు. 2001లో ఆ సంస్థ మొదలెట్టిన నీటిమొక్కల అలంకరణ పోటీకి ప్రపంచం నలుమూలల నుంచీ ఫొటోలు వెళుతుంటాయి. 2015లో లిస్బన్‌లోని ఓషనేరియంలో 40 మీటర్ల పొడవైన నీటి అడవిని నిర్మించి, అదే ఏడాది ఆగస్టులో అమానో కన్నుమూశాడు. పాచి తినడానికి ఆయన తొట్లలో వదిలిన చిన్న రొయ్యని ఇప్పుడు ప్రపంచమంతా ‘అమానో ష్రింప్‌’ అనే పిలుస్తోంది.

అడవి ముందు, పిట్టలు తర్వాత. కొళత్తూరులో సంచి పట్టుకుని తిరిగేటప్పుడు ఈ వరస తప్పితే డబ్బూ పోతుంది, ప్రాణాలూ పోతాయి.

అక్కడ కొనేవి... ఇక్కడ కొనేవి

నెల్లూరు, తిరుపతి, ఒంగోలు వైపు నుంచి వెళ్లేవాళ్లు ముందుగా తేల్చుకోవాల్సింది ఏది మోసుకురావాలీ, ఏది వద్దూ అని. గాజు తొట్టెను రైల్లో తేవడమంత తెలివితక్కువ పని లేదు. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగుంబావు ఎత్తు తొట్టెను ఊళ్లోని అద్దాల దుకాణంలోనే సిలికాన్‌తో అతికించి ఇస్తారు. 6 మిల్లీమీటర్ల అద్దం సరిపోతుంది, 8 అయితే నిశ్చింత. మొదటి తొట్టెకి ఇంతకన్నా చిన్నది ఎంచుకుంటే ఖర్చు తగ్గుతుందనుకుంటారు కానీ, నీళ్లు తక్కువైనకొద్దీ చిన్న పొరపాటే పెద్దదవుతుంది. ఈ తొట్టెలో పట్టేది సుమారు 65 లీటర్లు. రాళ్లూ మట్టీ అద్దం కలిపితే బరువు 80 కిలోలు దాటుతుంది. టీవీ పక్కన బల్లమీద పెట్టేద్దాం అనుకునేవాళ్లు ఈ లెక్క ఒకసారి చూసుకోవాలి. ఇనుప స్టాండు వెల్డింగ్‌ షాపులో చేయించుకుని, పైన థర్మోకోల్‌ షీటు పరిచి తొట్టె ఎక్కించడం మేలు.

కార్బన్‌ డయాక్సైడ్‌ సిలిండర్‌దీ ఇదే కథ. రైల్లో సామానుగా గ్యాస్‌ సిలిండర్‌ తీసుకురావడం నిషేధం, ఖాళీదైనా సరే. కాబట్టి కొళత్తూరులో రెగ్యులేటరు, సన్నగా గ్యాసు వదిలే నీడిల్‌ వాల్వు, బుడగల లెక్క చూపే గొట్టం, నీళ్లు వెనక్కి పారకుండా ఆపే చెక్‌వాల్వు కొనుక్కోవాలి. సిలిండరు మాత్రం సొంత ఊళ్లో నిప్పులార్పే సామగ్రి అమ్మేవాళ్ల దగ్గరో, సోడాలకి గ్యాసు నింపేచోటో వెతుక్కోవాలి. గోలీసోడాలో ‘కుయ్‌’మనే గ్యాసూ, ఈ మొక్కలు పీల్చే గ్యాసూ ఒకటే మరి!

అసలీ గ్యాసు తప్పనిసరా? కాదు. ఈ సంగతి చెప్పని దుకాణదారులే ఎక్కువ. గులాబిరంగు రొటాలాలూ, నేలంతా పచ్చటి తివాచీలా పరచుకునే గడ్డిజాతులూ కావాలంటే కావాలి. అనూబియాస్‌, జావా ఫెర్న్‌, క్రిప్టోకొరైన్‌, వాలిస్నేరియా లాంటివి గ్యాసు లేకుండానే నిదానంగా పెరుగుతాయి. కొత్తవాళ్లు మొదటి ఏడాది వీటితో సరిపెట్టుకుంటే తొట్టె కన్నా ఎక్కువయ్యే గ్యాసు ఖర్చు మిగులుతుంది. పంచదార నీళ్లలో ఈస్టు కలిపి సీసాలోంచి గ్యాసు రప్పించే చిట్కా ఒకటుంది. మన ఎండలకి అది ఓరోజు పొంగి ఓరోజు పడుకుంటుంది. ఆ హెచ్చుతగ్గులు పాచికి పండగ.

లైటు దగ్గర కక్కుర్తి పడకూడదు... అలాగని మరీ మోజూ పడకూడదు. పగటి వెలుతురుకి దగ్గరగా ఉండే 6,500 కెల్విన్‌ ఎల్‌ఈడీ చాలు. మొదట్లో రోజుకి 6 గంటలు, తర్వాత 8. అంతకు మించితే పెరిగేది మొక్క కాదు, పాచి. చేత్తో వేసి తీసేస్తామంటే కుదరదు, పది రోజులకే మర్చిపోతారు. లైటుతోపాటు టైమరూ కొనాల్సిందే. ఫిల్టరు గంటకి తొట్టె నీళ్లని 5 నుంచి 10 సార్లు తిప్పేలా ఉండాలి. అంటే ఈ తొట్టెకి గంటకి 300 నుంచి 600 లీటర్లు. తొట్టెకి తగిలించే రకం చాలు, బయట నిలబెట్టే క్యానిస్టర్‌ అయితే లోపల చోటు కలిసొస్తుంది. హీటరు ఇమ్మని అడగక్కర్లేదు. మన ఊళ్లలో ఇబ్బంది చలితో కాదు, మే నెలతో. నీరు వేడెక్కినకొద్దీ అందులో ఆక్సిజనూ, కార్బన్‌ డయాక్సైడూ నిలవడం తగ్గిపోతుంది. నీటిమీదికి గాలి కొట్టే చిన్న ఫ్యాను కాస్త ఉపశమనం.

ఇక మట్టి. నల్లటి గుళికల్లా ఉండే ‘అక్వాసాయిల్‌’ సంచుల్లో దొరుకుతుంది. ముందువైపు అంగుళం, వెనక మూడంగుళాలు ఏటవాలుగా పోస్తే లోతు కనిపిస్తుంది. సగటున 5 సెంటీమీటర్లు అనుకుంటే సుమారు 9 లీటర్ల మట్టి కావాలి. రాళ్లు ఎంచేటప్పుడు రంగు చూసి మురిసిపోకుండా జేబులో చిన్న వెనిగర్‌ సీసా పెట్టుకెళ్లాలి. చుక్క వేస్తే బుసబుస పొంగిందా, అందులో సున్నం ఉన్నట్టు. అసలే బోరునీళ్లు ఉప్పన, ఆపై సున్నపురాయి తోడైతే చాలా మొక్కలు మొండికేస్తాయి. కుళాయి నీళ్లయితే క్లోరిన్‌ విరిచే మందు చుక్కలు తప్పవు.

రెండు వారాలు చూసి కంగారుపడొద్దు

మొక్కల్లో రెండు రకాల ప్యాకింగులు. కుండీల్లో, కట్టల్లో వచ్చేవి ఒకటి. జెల్లీ నింపిన చిన్న ప్లాస్టిక్‌ కప్పుల్లో పెంచిన టిష్యూకల్చర్‌ మొక్కలు రెండోది. కప్పు కాస్త ఖరీదెక్కువ కానీ నత్తగుడ్లూ, పాచీ వెంట రావు. జెల్లీని శుభ్రంగా కడిగేసి నాటాలి. చాలా మొక్కల్ని నర్సరీల్లో నీళ్లపైన పెంచుతారు. నీళ్లలో ముంచగానే ఆ పాత ఆకులు కరిగిపోతాయి. చచ్చిపోయిందని పీకేస్తారు కొత్తవాళ్లు. వేరు గట్టిగా ఉంటే పది పదిహేను రోజుల్లో నీటికి తగ్గ కొత్త ఆకు వేస్తుంది. వరిమళ్లలోనూ తడినేలల్లోనూ పెరిగే మన దేశపు రొటాలా రొటుండిఫోలియా విదేశీ పేరుతో, విదేశీ కప్పులో దర్జాగా కూర్చుని కనిపించడం ఈ వీధిలో ఓ తమాషా.

అంతా నాటేశాక కూడా చేపలు వద్దు. కొత్త నీళ్లలో అమ్మోనియా పుడుతుంది, కొత్త అక్వాసాయిల్‌ అయితే మరీనూ. దాన్ని నైట్రైటుగా, ఆ నైట్రైటుని నైట్రేటుగా మార్చే బ్యాక్టీరియా ఫిల్టరులో స్థిరపడటానికి 4 నుంచి 6 వారాలు పడుతుంది. మొదటి రెండూ చేపలకి విషం. అద్దంలోంచి చూస్తే నీళ్లు తేటగానే ఉంటాయి, విషం కనిపించదు. ఈలోగా కవర్లో తెచ్చిన చేప రెండోరోజు పైకొచ్చి నోరు తెరుస్తుంది, మూడోరోజు వెల్లకిలా తేలుతుంది. ‘చేప మంచిది కాదు, కొళత్తూరువాడు మోసం చేశాడు’ అనుకుంటారు. పాపం, ఆ చేపని ఏ సిమెంటు తొట్టెలోనో నెలలపాటు పెంచినవాళ్ల తప్పు అందులో ఏమీ లేదు. ఈ ఆరువారాలూ వారానికి రెండుమూడుసార్లు సగం నీళ్లు మార్చడం, అమ్మోనియా, నైట్రైటు పరీక్ష చుక్కలతో చూసుకోవడం... అంతే పని. రెండూ సున్నా చూపిస్తే రెండో ప్రయాణానికి టికెట్టు తీసుకోవచ్చు.

ఆ రెండో ప్రయాణంలోనూ ఓ చేప ఎదురవుతుంది. రెండంగుళాల పొడవు, ఒళ్లంతా మచ్చలు, అద్దానికి నోరు అతికించుకుని బుద్ధిమంతుడిలా ఉంటుంది. ‘తొట్టె అదే కడిగేస్తుంది’ అంటూ అమ్మే సక్కర్‌ ఫిష్‌. దక్షిణ అమెరికా దీని పుట్టిల్లు. అడుగు దాటి పెరుగుతుంది. లేత మొక్కల్ని పెకిలిస్తుంది. తొట్టె చాలనప్పుడు యజమాని ఏం చేస్తాడు? జాలిపడి దగ్గర్లోని చెరువులో వదిలేస్తాడు. ఆ జాలి ఎంతదూరం పోయిందో ఆంధ్ర చేపల రైతులనడిగితే తెలుస్తుంది. వాళ్లు దీన్ని ‘దెయ్యం చేప’ అంటారు. ముళ్ల రెక్కలతో వలలు చించుతుంది, గట్లకి బొరియలు పెడుతుంది, పెంపకపు చేపల మేత తినేస్తుంది. కొనేవాడు లేడు. నీటిలో కలిసిన డీఎన్‌ఏని బట్టి ఈ చేప జాడ పట్టే పద్ధతిని హైదరాబాద్‌లోని సీసీఎంబీ శాస్త్రవేత్తలు రూపొందించాల్సి వచ్చిందంటే ఎంతగా పాకిందో ఊహించుకోవచ్చు. మొక్కలదీ ఇదే తీరు. మన చెరువుల్లో కాళ్లకి చుట్టుకునే హైడ్రిల్లాని 1950ల్లో అక్వేరియం మొక్కగా ఫ్లోరిడాకి తీసుకెళ్లారు. అక్కడి కాలవల్లో దాన్ని తొలగించడానికి నేటికీ డబ్బు పోస్తూనే ఉన్నారు. కత్తిరించిన కొమ్మల్ని ఎండబెట్టి కుండీలో వేయాలి తప్ప కాలవలో పారేయకూడదు.

మరి ఏ చేపలు? 65 లీటర్లకి చిన్న టెట్రాలో, రాస్బోరాలో ఓ పది, అమానో రొయ్యలు నాలుగైదు. ఎర్రగీత, నల్లగీతలతో మెరిసే ‘మిస్‌ కేరళ’ చేప కళ్లు తిప్పుకోనివ్వదు. అది నాలుగైదు అంగుళాలు పెరిగి గుంపుగా ఈదే చేప, రెండడుగుల తొట్టెలో ఇమడదు. పైగా పడమటి కనుమల వాగుల్లో దాని సంఖ్య తగ్గిపోయి, అంతరించే ముప్పున్న జీవుల జాబితాకెక్కింది.

తిరుగు ప్రయాణానికి మొక్కల్ని నీళ్లలో ముంచి తేనక్కర్లేదు. తడిపిన పాత పేపర్లో చుట్టి, కవర్లో పెట్టి ముడేస్తే మర్నాటిదాకా వాడవు. ఎండ తగిలే కిటికీ పక్కన మాత్రం పెట్టకూడదు. చేపల కవరైతే గుడ్డసంచిలో చీకటిగా ఉంచితే బెదరవు. ఇంటికొచ్చాక ఆ కవర్ని విప్పకుండా పావుగంట తొట్టెలో తేలనిచ్చి, తర్వాత కొంచెం కొంచెంగా తొట్టె నీళ్లు కవర్లోకి కలుపుతూ ఇంకో అరగంట ఆగాలి. ఆపైన చేపల్ని మాత్రం వలతో తీసి తొట్టెలో వదిలి, కవర్లోని నీళ్లు బయట పారబోయాలి. ఆ రాత్రికి లైటు వేయకపోతే మంచిది.