సద్దు లేని పేట

ఇంగ్లీషువారి పేట యనినంతనే మన తెలంగాణమువారికి సికింద్రాబాదు, బొల్లారము, తిరుమలగిరి తలపునకు వచ్చును. పొడుగైన ప్రహరీలు, లోపల నీడచెట్లు, ద్వారమున కాపలావాడు. మా పెద్దలు ఆ గోడలను వెలుపలినుండి చూచి వచ్చినవారే. నేనిప్పుడు చెప్పబోవునది అట్టి పేట కాదు. ఇంగ్లండులో, బర్మింగ్‌హామ్ నగరమునకు దక్షిణ భాగమున నున్న బోర్న్‌విల్ అను పాత పేట. ఇచ్చట ప్రహరీలు లేవు. నడుమెత్తు పచ్చని కంచెలు మాత్రమే గలవు. నా బిడ్డ ఈ నగరమున వైద్యురాలు. అల్లుడును ఉద్యోగస్థుడే. మనుమరాలికి ఆరేండ్లు. ఆ పిల్లను చూచుకొనుటకై నేను మే నెలలో వచ్చితిని. చూడవచ్చినవారు ఈ దేశమున ఒక్కమారు ఆరు నెలలకు మించి నిలువరాదు.

మాది అచ్చంపేట. మొన్నటివరకు పాలమూరు జిల్లా. 2016 నుండి నాగర్‌కర్నూలు జిల్లా. మా ఇల్లు అంగడి వీధిలో నున్నది. కోడికూతకు ముందే పాలవాని కేక, పల్లికాయ వచ్చు దినములలో మార్కెట్టు యార్డునకు పోవు బండ్ల రొద, సంక్రాంతికి ఉమామహేశ్వరము జాతరకు పోవువారి సందడి. పండుకొనియే అడుగుల చప్పుడును బట్టి ఎవరు పోవుచున్నారో చెప్పగలదానను. అట్టి నాకు బోర్న్‌విల్‌లో మొదటి వారమంతయు చెవులు మూసికొనిపోయినట్లుండెను.

"ఏందే బిడ్డా, ఈ ఊర్ల మనుషులున్నరా లేరా?" అని అడిగితిని.

"ఉన్నరమ్మా, అందరు ఇండ్లల్లనే ఉన్నరు" అని అది నవ్వినది.

ఈ నిశ్శబ్దము తనంతట వచ్చినది కాదు, ఒకరు కోరి కట్టినది. రిచర్డు కాడ్‌బరీ, జార్జి కాడ్‌బరీ అను అన్నదమ్ములు 1879లో తమ చాక్లెట్టు కర్మాగారమును నగరము నడుమనుండి ఎత్తి ఇచ్చటి పొలములలో పెట్టిరి. జార్జి కాడ్‌బరీ ఆదివారములు కూలివారికి చదువు చెప్పెడివాడు. వారి ఇరుకు కొంపలను కన్నులార చూచినవాడు. 1893లో 120 ఎకరములు కొని, 1895 నుండి ఇండ్లు కట్టించెను. పటములు గీసినవాడు విలియమ్ అలెగ్జాండరు హార్వే యను పడుచువాడు. ఇల్లు తన స్థలములో నాలుగవ వంతుకు మించరాదు, తక్కినది తోటగా నుండవలెనని నియమము పెట్టిరి. తోట చివర పండ్లచెట్లు ముందుగానే నాటించిరి. ఆ ఇండ్లు తన పనివారికి మాత్రమే కాక ఇతరులకును ఇచ్చిరి. 1900లో జార్జి కాడ్‌బరీ ఈ పేటను తన బిడ్డలకు విడువక ఒక ట్రస్టు వశము చేసెను. నేటికిని ఇంటి ముందరి రూపు మార్చవలెనన్న ఆ ట్రస్టువారి అనుమతి కావలెను. కర్మాగారము మాత్రము 2010లో అమెరికావారి కంపెనీ పాలైనది.

ఆ కుటుంబము క్వేకరు మతస్థులు. వారి ప్రార్థనలో పురోహితుడు లేడు. అందరును కూడి మౌనముగా కూర్చుందురు. ఊరి స్వభావము అచ్చటినుండియే వచ్చినదేమో. పేటలో సారాయి దుకాణము పెట్టనీయలేదు. ఇచ్చట మద్యశాల లేదు. ఈ యొక్క మాట మా పల్లెల స్త్రీలకు చెప్పిన జార్జి కాడ్‌బరీ పటమునకు పూలదండ వేసెదరు!

అయితే ఇంకొక మాటయు వింటిని. ఆ కర్మాగారమున వేలకొలది ఆడుపిల్లలు పని చేసెడివారు. పెండ్లి కుదిరినచో కొలువు మానవలసినదే. వెళ్లునప్పుడు ఒక బైబిలును, ఒక పువ్వును చేతికిచ్చి పంపెడివారట. తోటలు గల ఈ చక్కని ఇండ్లలో పగలంతయు నోరు మెదపుటకు మనిషి లేక గడిపినవారు ఆ పువ్వు పుచ్చుకొన్న యువతులే గదా యని నాకు తోచును. వీధిలో నడచునప్పుడెల్ల ఈ ఊహ నన్ను విడువదు.

సుఖములు లేవని చెప్పను. శనివారమునాడు పాఠశాల గోపురముపై 48 గంటలు పాటగా మ్రోగును. జార్జి కాడ్‌బరీ 1906లో పెట్టించినవి, ఆపైని పెంచినవి. శనివారము మన వేంకటేశ్వరునిది కావున నాకది ప్రీతి. టివిడేల్‌లో 2006లో ప్రతిష్ఠయైన బాలాజీ ఆలయమునకు వీలు దొరికిన శనివారమెల్ల పోవుచుంటిమి. జూను నెలలో మాత్రము నాకు పెద్ద చిక్కు వచ్చినది. రాత్రి తొమ్మిదిన్నరకు గాని ప్రొద్దు క్రుంకదు. దీపము పెట్టు వేళ ఏది? గడియారము చూచి పెట్టుటయా, ఆకాశము చూచి పెట్టుటయా? ఏడు గంటలకు ఎండలోనే వెలిగించితిని. తోటలోని పుల్ల ఆపిళ్లను మామిడికాయకు బదులు పప్పులో వేసితిని. అక్కచెల్లెండ్రు నమ్మరు గాని మామిడి పప్పునకు తీసిపోదు.

ఇచ్చటి ఇండ్లు పెక్కు జంట ఇండ్లు. రెంటికి నడుమ ఒకటే గోడ. ఆవలి ఇంట ఎనుబది దాటిన ఒక వితంతువు ఒంటరిగా నున్నది. కుమారుడు ఆస్ట్రేలియాలో నున్నాడు. నేను వచ్చిన నెల దినములకు ఆమె కంచె యొద్ద నా బిడ్డను ఆపి మిక్కిలి మర్యాదగా అడిగెను: "సాయంకాలము మీ ఇంట చప్పట్లు వినబడుచున్నవి. రోజును ఎవరి పుట్టినదినము?" నా బిడ్డ నవ్వాపుకొనలేకపోయినది. అవి నేను జొన్నరొట్టెలు తట్టు చప్పుళ్లు! ఇకమీదట మెల్లగా తట్టుదుమని చెప్పించితిని. "వద్దు, ఎప్పటివలెనే చేయుమనుము. గోడకు ఆవల మనిషి యున్నట్లు తెలియుచున్నది" అనెను. మరునాడు వంటయింటికి పిలిచి రొట్టె తట్టి చూపితిని. నాకు ఆమె భాష కొంచెమే వచ్చును, ఆమెకు నాది అసలే రాదు. మనుమరాలు నడుమ కూర్చుండి ఇద్దరి మాటలను అటునిటు మోసినది.

అప్పటినుండి మాకొక ఒడంబడిక. ప్రొద్దున ఎనిమిదింటికి ఆమె వీధి కిటికీ తెర తీయును. తీయకున్న నేను పోయి చూడవలెను. మా ఇంట ఒక తాళపుచెవి ఇచ్చి యుంచినది. సెప్టెంబరులో ఒకనాడు ఎనిమిదిన్నరైనను తెర తొలగలేదు. మనుమరాలిని వెంటబెట్టుకొని పోయితిని. మెట్ల మొదట గోడకు ఆనుకొని కూర్చుండియున్నది. రాత్రి మూడు గంటలకు జారిపడినదట, కాలు కదల్చలేదు. నా బిడ్డకు ఫోను చేసితిమి, ఆంబులెన్సు వచ్చినది. అది వచ్చులోపల శాలువ కప్పి, చేయి పట్టుకొని కూర్చుంటిని.

ఆమె ఆనుకొన్నది మా గోడనే. ఆ గోడకు ఈవలనే నా మంచము. "ఒక్కమారు గోడ కొట్టరాదా?" అని పిల్లచేత అడిగించితిని. "నడిరేయి పొరుగువారి నిద్ర చెరుపుట ఎట్లు?" అనెను.

నాకు కోపమును దుఃఖమును ఒక్కమారే వచ్చినవి. ఐదు గంటలు చలిలో కూర్చుండనిచ్చును గాని నోరు విప్పనీయదు, ఇదేమి మర్యాద! మా వీధిలో ముల్లు గ్రుచ్చుకొన్నను పది ఇండ్లకు వినబడునట్లు అరతుము. అరచుట మోటుతనమని నాకును ఎవరో చిన్ననాడు నేర్పజూచిరి. అది నాకు ఒంటబట్టనందుకు ఆ ప్రొద్దున సంతోషించితిని.

రెండు వారములకు ఆమె చేతికర్రతో ఇల్లు చేరెను. నేనొక బరువైన గరిటె తీసికొనిపోయి ఆమె మంచము ప్రక్కన పెట్టి, గోడపై ఎట్లు కొట్టవలెనో చూపితిని. మొదట సిగ్గుపడినది. మనుమరాలు ఇద్దరిచేతను రెండుమార్లు అభ్యాసము చేయించినది.

నవంబరు మొదటి వారమున నేను బయలుదేరవలెను. నా బిడ్డకు రాత్రి కొలువులు గలవు. గోడకు ఈవల వినువారెవరు? తెర చూచు పని మనుమరాలు తీసికొన్నది, బడికి పోవుటకు ముందు. ముసలామె నన్ను తిరిగి అడిగెను: "మరి నీ తెర ఎవరు చూతురు?" భర్త పోయిననాటినుండి నేనును ఒంటరిదాననే యని ఆమెకు తెలియును. మా ఊరిలో తెర కాదు, ముగ్గని చెప్పించితిని. ప్రొద్దెక్కినను వాకిట సాన్పి పడకున్న, ముగ్గు లేకున్న, "వదినే, ఏమైందే?" అని నలుగురు తలుపు తట్టుదురు. అంతవరకే చెప్పించితిని. మా వీధిలోను ఇప్పుడు నాలుగిండ్లకు తాళములు పడినవి, పిల్లలు హైదరాబాదునకో అమెరికాకో పోయిరి. సిమెంటు వాకిండ్లపై రంగుతో ఒకమారు ముగ్గు వ్రాయించి విడుచుచున్నారు. ఆ ముగ్గు ఏడాది పొడుగున అట్లే యుండును. లోని మనిషి లేచినదో లేదో చెప్పదు. ఇది ఆమెకు చెప్పించలేదు. నేను మాత్రము పిండిముగ్గే వేయుచున్నాను.

గరిటె ఇంతవరకు ఒక్కసారియే మ్రోగినది. పోయిన గురువారము సాయంకాలము ఏడింటికి గోడపై మూడు దెబ్బలు వినబడగానే నేనును బిడ్డయు ఉరుకులతో పోయితిమి. ఆమె కుర్చీలో కులాసాగా కూర్చుండియున్నది. చప్పట్లు వినబడలేదు, మీ అమ్మకు ఒంట్లో బాగుండలేదా యని నా బిడ్డను అడిగెను. ఆనాడు ఇంట జొన్నపిండి అయిపోయి మేము అన్నము వండుకొంటిమి.