పాక నుంచి పాకకు

2025 ఫిబ్రవరి 9, పొందూరు

విశాఖ నుంచి పాసింజరులో వచ్చాను. చీపురుపల్లి దాటాక కిటికీ బయట తాటిచెట్లు మొదలయ్యాయి. బాతువ, సిగడాం, ఆ తర్వాత మన స్టేషను. దారంతా తాటిచెట్లే, పొలం గట్ల మీద ఒకటీ అరా, చెరువు గట్ల మీద గుంపులుగా.

మా తాత నేతగాడు. ఖద్దరు పంచె, ఖద్దరు తువ్వాలు తప్ప మరో గుడ్డ ఎరగడు. పొద్దు వాలితే ఆ తువ్వాలే భుజాన వేసుకొని కల్లు పాకకు నడిచేవాడు. వేలు పట్టుకొని నేనూ వెళ్ళేవాణ్ణి. నా వంతుకు గుప్పెడు వేయించిన శనగలు. అప్పటి పాకల్లో ఎన్ని మిగిలాయో ఈ ఎండలు పోయేలోగా తిరిగి చూడాలి.

ఫిబ్రవరి 10

చెరువు గట్టు కింది పాక ఉంది. బోర్డు లేదు, ఎప్పుడూ లేదు. నాలుగు గుంజలు, పైన తాటాకు, కింద ఇసుక. కూర్చోడానికి నిలువునా చీల్చిన తాటి దుంగ, ఎన్నో ఏళ్ళ పంచెల రాపిడికి నున్నబడిపోయింది. నిట్టాడి తాడే, వాసాలు తాడే, తాగే దొప్పా తాటాకే. ఒక్క చెట్టు ఇంతమందిని కూర్చోబెడుతోంది.

పోసేది ఆడమనిషి, ఎక్కేది ఆమె భర్త. నన్ను ఎగాదిగా చూసి, “ఏటి బావూ, ఎవులింటికి ఒచ్చినావు?” అంది. తాత పేరు చెప్పాను.

“ఓలమ్మో, ఆయన మనవడివా! మీ తాత కూకున్న సోటు అదే” అని గుంజ పక్కన చూపించింది. అక్కడే కూర్చున్నాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేకపోయాను.

ఫిబ్రవరి 11

ఈత కల్లుకు ఇవి చివరి రోజులు. చలికాలమంతా ఈత, ఎండలు ముదిరాక తాడు. తాగేవాళ్ళకు ఇది కాలెండరు లాంటిది.

దొప్ప మడవడం నేర్చుకున్నాను. లేత ఆకు కావాలి, ముదురాకు విరిగిపోతుంది. రెండు చివరలూ దగ్గరికి లాగి, ఒక పీలికతో ముడి వేస్తే దోనెలా నిలుస్తుంది. నేను చేసింది కారిపోయింది. పక్కన కూర్చున్న ముసలాయన నవ్వకుండా దాన్ని విప్పి, మడత ఎక్కడ తప్పానో వేలితో చూపించి, మళ్ళీ నా చేతే కట్టించాడు. అందులో పోసిన కల్లుకు ఆకు వాసన పడుతుంది. గాజు గ్లాసులో అది రాదు.

ఫిబ్రవరి 23

మద్యం దుకాణాల్లో పది శాతం, అంటే రాష్ట్రంలో 340, గీత కులాలకు కేటాయించారు. మన వైపు శెగిడి, యాత, సొండి వాళ్ళు అందులోకి వస్తారు. న్యాయమైన పనే. తరతరాలుగా చెట్టు నమ్ముకున్నవాళ్ళకు వ్యాపారంలో పాలు దక్కాలి.

పాకలో ఆ మాట ఎత్తితే గీసే ఆయన చేతిలో కత్తి పక్కన పెట్టి అన్నాడు: “కొట్టు కాడికి సీసాలొత్తాయి బావూ. సెట్టెక్కీవోడు రావాల గదా.” ఆయన ఇద్దరు కొడుకుల్లో ఒకడు హైదరాబాదులో సెంట్రింగు పని, ఇంకొకడు విశాఖలో డ్రైవరు. చెట్టెక్కడానికి కాలికి బంద తగిలించినవాడు ఇద్దరిలో ఒక్కడూ లేడు.

మార్చి 14

తెల్లవారక ముందే తోటకు వెళ్ళాను. మొదటి పని కత్తి నూరడం. చెక్క పలక మీద తెల్లరాయి పొడి చల్లి, కత్తిని అటూ ఇటూ పదును తేలేదాకా సాగదీశాడు. గోరు మీద ఆనించి చూసుకున్నాడు. ఆ తర్వాత నడుముకు మోకు, కాళ్ళకు బంద. మోకు పైకి విసరడం, కాళ్ళు ముడుచుకొని లేవడం, మళ్ళీ విసరడం. నేను లెక్క పెడదామనుకున్నాను గాని ఎక్కేశాడు.

పోతుతాడు అది. కాయ కాయదు, పూగెలలు మాత్రమే వేస్తుంది. ఆ గెలల్ని కట్టి, కొన్నాళ్ళు రోజూ మెత్తగా నొక్కి, ఆ తర్వాతే గీత మొదలు. చివరను పొద్దున ఒక పొర, సాయంత్రం ఒక పొర. పొర ఎంత పలచన అంటే కింద రాలిన ఒకదాన్ని ఏరి చూస్తే వెలుగు ఇవతలికి కనబడింది. మందంగా కోస్తే గెల తొందరగా అయిపోతుంది, కోయకపోతే గాయం ఎండి చుక్క ఆగుతుంది. నెలల తరబడి అదే గెల, అదే కత్తి. చుక్కకు చుక్క కుండలో పడే చప్పుడు కింద నిలబడినా వినిపించింది, ఆ పూట గాలి లేదు.

దించిన కుండలో నురగ మీద తేనెటీగలు. చేత్తోనే తీసి పారేశాడు. ఒక దొప్ప ఇచ్చాడు. ఇంకా తియ్యదనం పోలేదు, కిందనెక్కడో పులుపు.

మార్చి 30, ఉగాది

విశ్వావసు. ఇంట్లో పచ్చడి, పాకలో గిరాకీ. కూలికి పోయినవాళ్ళంతా ఊరొచ్చారు.

ఏప్రిల్ 6

నేతగాళ్ళ వీధిలో పొద్దంతా గడిచింది. ఎనభై దాటిన ఒక పెద్దమ్మ గడపలో కూర్చొని వాలుగ చేప దవడతో పత్తి దువ్వుతోంది. సన్నటి పళ్ళ వరస. ఇనుముతో చేసిన దువ్వెన ఏదీ ఆ పని అంత సుతారంగా చెయ్యదంటుంది. దువ్విన పత్తిని ఏకులు చేసి, ఎండిన అరటి దొప్పలో దాచి, రాట్నం మీద వడుకుతారు. వందో నంబరు దాటిన నూలు ఆ చేతుల్లోంచి వస్తుంది. పలచన పొర గీసే కత్తి, పలచన పోగు తీసే వేలు. రెండింటికీ తొందర పనికిరాదు.

ఇదే ఊరి గుడ్డను చూసి గాంధీ ముచ్చటపడ్డాడు, కొడుకు దేవదాసును పంపి ఎలా నేస్తున్నారో చూసి రమ్మన్నాడు. కల్లు దుకాణాల ముందు పికెటింగు చెయ్యమన్నదీ ఆయనే. మా తాత ఒంటి మీద ఒక మాట పాటించాడు, సాయంత్రం రెండోది తప్పాడు. ఆయన్ని కపటి అనడానికి నాకు మనసొప్పదు. పగలంతా గుంటమగ్గంలో కాళ్ళు పెట్టుకొని కూర్చున్న మనిషి మరో నలుగురి మధ్య కాళ్ళు చాపుకొనే చోటు ఊళ్ళో అదొక్కటే.

అయితే ఈ మాట నాయనమ్మ ముందు అనలేకపోయేవాణ్ణి. ఆమె వడికిన నూలుకు వచ్చిన డబ్బుల్లో కొన్ని వారాలు పాకకే పోయాయి. ఆమె అరిచేది కాదు. ఆ రాత్రి రాట్నం ఇంకాస్త సేపు తిరిగేది. 1992లో దూబగుంట ఆడవాళ్ళు సారా మీద తిరగబడ్డ వార్త చదివి వినిపిస్తే రాట్నం ఆపి రెండోసారి చదవమంది.

ఏప్రిల్ 7

నిన్నటి దానికి ఒక్క మాట చేర్చాలి. తాటి బెల్లం గ్రామ పరిశ్రమగా పెరగాలని కూడా గాంధీ కోరాడు. అదే చెట్టు, అదే గీత, అదే కుండ. కుండ లోపల సున్నం రాస్తే నీరు తెల్లవారే దాకా తియ్యగా ఉంటుంది, కాచితే బెల్లం. రాయకపోతే చెట్టు మీదే పులవడం మొదలు. తియ్యటి నీరాకూ పులిసిన కల్లుకూ మధ్య ఉన్నది ఒక వేలి సున్నం, కొన్ని గంటలు. ఏ చట్టమైనా ఎక్కేవాణ్ణి శిక్షించే ముందు ఈ కుండలోకి ఒకసారి తొంగి చూడాలి.

ఏప్రిల్ 19

గౌతు లచ్చన్న పోయింది 2006లో ఇదే రోజు. బారువలో, గీత కుటుంబాల శెగిడి కులంలో, 1909లో పుట్టాడు. ఉప్పు సత్యాగ్రహంలో జైలుకెళ్ళిన మనిషి, అంటే గాంధీ మనిషే. ఆంధ్ర రాష్ట్రం వచ్చాక మద్యనిషేధం గీసేవాళ్ళ పొట్ట కొడుతోందని నిలబడిందీ ఆయనే. 1954 నవంబరులో ఆ గొడవ మీదే ప్రకాశం ప్రభుత్వం ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. ప్రకాశం పంతులంతటివాడి కుర్చీ తాటిచెట్టు దగ్గర కదిలింది.

పాకలో కుర్రాళ్ళకు ఈ సంగతి తెలీదు. తోటపల్లి ప్రాజెక్టుకు ఆయన పేరుందని మాత్రం చెప్పారు. ముసలాయనకు తెలుసు. “మా అయ్య సెప్పీవోడు, సెట్టెక్కితే కేసు కట్టీవోరంట. రాత్రేల ఎక్కీవోడంట” అన్నాడు. చీకట్లో అంతెత్తు చెట్టు. ఆ మాట విన్నాక ఇంకో దొప్ప తాగలేకపోయాను.

మే 3

రోడ్డు పక్క ఇంకో చోటికి వెళ్ళాను. ఊరూ పేరూ రాయను. ప్లాస్టిక్ డ్రమ్ము, ప్లాస్టిక్ మగ్గు. చుట్టూ చూపు మేర ఒక్క గీత చెట్టూ లేదు. అంత కల్లు ఎక్కడిది? నురగ తెల్లగా, గట్టిగా నిలబడి ఉంది. ఒక్క ఈగ వాలలేదు. నాలిక మీద చేదు. ఒక కుర్రాడు మధ్యాహ్నమే దుంగ కింద పడి ఉన్నాడు, ఎవరూ లేపలేదు.

మత్తు మందు కలిపిన కల్లు తాగి మనుషులు చచ్చిపోయిన వార్తలు తెలంగాణలో ఎన్ని చదివాం. అసలు కల్లు కుండలో ఒక పూట నిలబడదు, సాయంత్రానికి పులిసి మర్నాటికి సిరకా అయిపోతుంది. అందుకే దానికి గోదాము లేదు, లారీ లేదు. చెట్టు కనబడనంత దూరంలో అమ్మేది కల్లు కాదని నా నమ్మకం. నాకు కోపం వచ్చింది, ఇంకా తగ్గలేదు.

మే 4

నా చిన్నప్పుడు చూసిన రెండో పాక లేదు. దాని వెనక తోటా లేదు. మొదళ్ళు మాత్రం ఉన్నాయి, కొన్నింటి మీద గొడ్డలి గాటు ఇంకా పచ్చిగానే ఉంది. ఇటుక బట్టీకి పోయాయట.

మే 18

పాకలో ఇవాళ తొమ్మండుగురం. ఇద్దరు నేతగాళ్ళు, ఒక రిటైరయిన మాస్టారు, ఒక ట్రాక్టరు డ్రైవరు, మేకలు కాసుకొచ్చిన ఆయన, నాట్లకు వెళ్ళే ఇద్దరు ముసలమ్మలు, గీసే ఆయన, నేను. ఎండు నెత్తళ్ళు ఒకే ఆకులో అందరికీ. మేకలాయన ఈ ఏడు రోహిణి ఎండ సరిగా కాయకపోతే వాన సరిగా పడదని, మాస్టారు అలా లెక్క లేదని. గొంతులు లేచాయి, పోసే ఆమె ఒక్క చూపు చూసింది, తగ్గాయి. విజయనగరం గురజాడ కన్యాశుల్కంలో దుకాణం దగ్గర బైరాగి చేత వేదాంతం చెప్పించాడు. ఆ రంగం రాసిన మనిషి ఇలాంటి చోట చెవి ఒగ్గి ఉంటాడు.

కేరళలో కల్లు షాపులో చేపల కూర తినడానికే దూరాల నుంచి కార్లలో వస్తారు. హైదరాబాదు నెక్లెస్ రోడ్డులో 2023లో నీరా కేఫ్ తెరిచారు. ఈ పాకకు ఒక కుళాయీ, ఒక మరుగుదొడ్డీ కట్టిస్తే చాలు, ఇంకేం కట్టక్కర్లేదు.

ముసలమ్మల్లో ఒకామె వెళ్తూ నా భుజం తట్టి, “మీ నాయనమ్మ ఒకసారి ఒచ్చింది ఈడికి. మీ తాతకి జొరమొచ్చినప్పుడు, ముంత పట్టుకెల్దామని” అంది. నాకు తెలీదు ఈ సంగతి.

జూన్ 8

మిరగ కార్తె. తెల్లవారి వాన పడింది. చెట్టు బోదె తడిస్తే ఎక్కరు. తోటకు వెళ్ళేసరికి ఆయన కుండలు దించేసి వరసగా బోర్లిస్తున్నాడు. మోకు విప్పి, ఇంటి చూరుకు వేలాడదీశాడు. దాని మధ్యలో, నడుముకు ఆనే చోట, నార నల్లగా మెరుస్తోంది.

“మల్లా ఎప్పుడు?” అన్నాను.

“ఈతకి. సలి ముదరనీ” అని, మిగిలిన ముంత నా చేతికిచ్చాడు. వాన నీళ్ళు కలిసి పలచబడింది. చూరు కింద ఇద్దరం నిలబడి తాగాం.