ఆ నిరోధం ఇనుముది కాదు

పొటెన్షియోస్టాట్ తుప్పును కొలవదు. వోల్టేజీ కాస్త జరిపితే కరెంటు ఎంత మారిందో చూపిస్తుంది, అంతే. తుప్పు రేటు మనం వేసుకునే లెక్క. రీసెర్చ్ మొదలుపెట్టిన రోజుల్లో నాకీ తేడా పట్టలేదు. తెర మీద కనబడిన అంకె ఇనుము స్వయంగా చెప్పిన మాట అనుకునేవాణ్ని.

నా పని కాంక్రీటులోని ఇనుప కడ్డీల మీద. దిమ్మె మీద ఉప్పునీళ్లు పోయడం, ఆరబెట్టడం, మళ్లీ పోయడం, లోపల ఉక్కు ఎంత వేగంగా తరుగుతోందో చూడటం. సముద్రం దగ్గరి ఇళ్లలో స్లాబు పెచ్చులూడి ఊచలు బయటపడటం చూసినవాళ్లకి ఈ పని ఎందుకో చెప్పనక్కర్లేదు.

పద్ధతి పేరు లీనియర్ పోలరైజేషన్. కడ్డీ తనంతట తాను నిలిచే పొటెన్షియల్‌కి అటూ ఇటూ 10 మిల్లీవోల్టులు మాత్రం జరిపి, ఆ మార్పును కరెంటు మార్పుతో భాగిస్తే నిరోధం వస్తుంది. 1957లో స్టెర్న్, గియరీ ఇచ్చిన సూత్రం ప్రకారం 'బి' అనే స్థిరాంకాన్ని ఆ నిరోధంతో భాగిస్తే తుప్పు కరెంటు తేలుతుంది. కాంక్రీటులో తుప్పు పడుతున్న ఉక్కుకి బి విలువ 26 మిల్లీవోల్టులు, రక్షణ పొర చెక్కుచెదరని ఉక్కుకి 52. అంటే తుప్పు పడుతోందో లేదో ముందే తెలిస్తే గానీ ఏ అంకె వాడాలో తెలియదు. ఈ వింత గురించి అప్పట్లో నేనెవర్నీ అడగలేదు.

12 మిల్లీమీటర్ల కడ్డీ, 10 సెంటీమీటర్ల పొడవు, 37.7 చదరపు సెంటీమీటర్ల ఉపరితలం. నిరోధం 2300 ఓమ్‌లు వచ్చింది. బి 26 వేసి లెక్క కడితే చదరపు సెంటీమీటరుకి 0.3 మైక్రోఆంపియర్లు. ఉక్కుకి ఒక మైక్రోఆంపియర్ అంటే ఏడాదికి 11.6 మైక్రాన్ల తరుగు కాబట్టి నాది మూడున్నర మైక్రాన్లు. 0.5 లోపు ఉంటే తక్కువ తుప్పు కిందే లెక్క. అదే రాసేశాను.

"దిమ్మె పగలగొట్టి చూశావా?" అన్నారు గైడు గారు.

"అక్కర్లేదు సార్, గ్రాఫు తిన్నగా వచ్చింది" అన్నాను. ఆ జవాబు తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

పగలగొట్టించారు. తుప్పును క్లార్క్ ద్రావణంలో కడిగి కడ్డీని తూస్తే, పోయిన బరువు నా లెక్కకి మూడు రెట్ల పైనే ఉంది.

రిఫరెన్స్ ఎలక్ట్రోడ్‌కీ కడ్డీకీ మధ్య ఉన్న కాంక్రీటు నిరోధాన్ని నేను తీసేయలేదు. డబ్బాతో సహా నెయ్యి తూచానన్నమాట. పగలగొట్టని జత దిమ్మెకి ఎక్కువ ఫ్రీక్వెన్సీలో ఏసీ ఇచ్చి చూస్తే కాంక్రీటుదే 1600 ఓమ్‌లు, ఉక్కుకి మిగిలింది 700. అసలు తుప్పు కరెంటు దాదాపు 1. ఈ పొరపాటులో మోసం ఏమిటంటే, అదెప్పుడూ ధైర్యం చెప్పే వైపుకే పోతుంది. పైగా దిమ్మె ఆరేకొద్దీ నా రేటు తగ్గుతూ వచ్చింది. తడి తగ్గితే తుప్పు తగ్గడం నిజమే కాబట్టి నాకు అనుమానమే రాలేదు.

తర్వాత తొందరలో స్కాన్ వేగం పెంచి ఇంకో తప్పు చేశాను. ఉపరితలాన్ని చార్జ్ చేసే కరెంటు కూడా లెక్కలో కలిసి, ఈసారి రేటు ఉన్నదానికంటే ఎక్కువ చూపింది.

ఇన్ని సరిదిద్దినా వచ్చేది సగటే. క్లోరైడు తుప్పు కడ్డీ అంతటా సమానంగా తినదు, ఒకచోట గుంట తీస్తుంది. ఆ గుంట లోతు సగటు తరుగుకి 4 నుంచి 8 రెట్లు ఉండొచ్చు. వంతెన మీదైతే మనం ఇచ్చిన కరెంటు కడ్డీ వెంట ఎంత దూరం పాకిందో కూడా తెలియదు. దాన్ని కట్టడి చేయడానికే గార్డ్ రింగ్ వాడతారు.

మీ చేతికి తుప్పు రేటు రిపోర్టు వస్తే కాంక్రీటు నిరోధం తీసేశారా, బి ఎంత వేశారు, ఎంత వైశాల్యంతో భాగించారు అని అడగండి. జవాబు రాకపోతే దాని మీద సంతకం పెట్టకండి.